రంగు కాదు, ఎముక చూడండి: ఇంటి తొట్టిలో రాతి పగడాలను గుర్తుపట్టి పెంచడం ఎలా

పగడం అనగానే మన దిక్కు చాలామందికి గుర్తొచ్చేది కుజదోషానికి వేలికి పెట్టుకునే ఎర్ర పూస. మా అమ్మకైతే నా ఉప్పునీళ్ళ అక్వేరియం తొట్టిలో ఉన్నవి పగడాలంటే ఇప్పటికీ నమ్మకం లేదు. ఒక రకంగా ఆమె మాటే నిజం. ఉంగరంలోని ఎర్ర పగడం వేరే వంశం, దాని పాలిప్‌కు, అంటే పగడంలోని ఒక్కో బుల్లి జీవికి, ఎనిమిది చేతులుంటాయి. సముద్రంలో దిబ్బలు కట్టే రాతి పగడాల పాలిప్‌కు చేతులు ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు ఇట్లా ఆరు లెక్కన వస్తాయి. మనం ఇక్కడ మాట్లాడుకునేది ఈ రెండో రకం గురించే.

ఇవి మొక్కలూ కావు, రాళ్ళూ కావు, జంతువులు. పైన పల్చటి మాంసం, అందులో కాపురముండే సూక్ష్మ శైవలాలు (నాచు లాంటివి), కింద అది తనకు తానే కట్టుకున్న సున్నపు ఎముక. వాడపల్లి దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వే సున్నపురాయిలో ఉన్నదీ, ఈ ఎముకలో ఉన్నదీ ఒకటే: కాల్షియం కార్బొనేట్. ఆ ఎముక చదవడం వస్తే ఏ ముక్కను ఎక్కడ పెట్టాలో, ఎంత వెలుగు ఇవ్వాలో, దేనికి ఎంత దూరం ఉంచాలో సగం తెలిసినట్టే. రంగును నమ్ముకుంటే మాత్రం మోసపోతారు. దుకాణంలో నీలి లైటు కింద గోధుమరంగు ముక్క కూడా ఆకుపచ్చగా మెరుస్తుంది.

కొనే ముందు కాయితాలు

ఇది దాటేసి ముందుకు పోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో రాతి పగడాలన్నిటినీ 2001లో చేర్చారు. అంటే పులికి ఉన్న రక్షణే వీటికీ ఉంది. మన్నార్ సింధుశాఖలోదో, అండమాన్‌లోదో ఒక ముక్క తెచ్చి అమ్మడం, కొనడం నేరం. ఒడ్డున దొరికిన చచ్చిన ముక్కను జేబులో వేసుకు రావడం కూడా మంచిది కాదు. విదేశీ ఫారాల్లో పెంచిన ముక్కలకు, అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధం వర్తిస్తుంది, వాటికి అనుమతి పత్రాలుండాలి. కొనే ముందే జిల్లా అటవీ అధికారి కార్యాలయానికి పోయి, ఏది ఉంచుకోవచ్చో, దేనికి రిజిస్ట్రేషన్ కావాలో అడిగి రాతలో తీసుకోండి. "కాయితాలెందుకు సార్, అందరూ తీస్కపోతున్నరు" అన్న దుకాణంలో నుంచి ఖాళీ చేతులతో బయటికి రండి.

మొదటి పని: అది రాతి పగడమేనా?

ముక్కను అడుగు నుంచి చూడండి. తెల్లటి గట్టి ఎముక, అందులో చిన్న గిన్నెలు, ఒక్కో గిన్నెలో అంచు నుంచి నడిమికి వచ్చే పల్చటి గోడలు కనిపించాలి. మన నల్గొండోళ్ళకు చెప్పడం తేలికే. బత్తాయిని అడ్డంగా కోస్తే తొనల మధ్య పొరలు ఎట్లా కనిపిస్తాయో అచ్చం అట్లాగే. ఆ పొరలుంటే రాతి పగడం. మాంసం తోలులా సాగుతూ అడుగున ఎముకే లేకపోతే అది మెత్తటి పగడమో, జోయాంథిడో అయి ఉంటుంది.

మోసం చేసేవి మూడున్నాయి. ఎర్రటి గొట్టాలు పక్కపక్కన పేర్చినట్టుంటే అది ట్యుబిపోరా. విరిచిన చోట ఎముక నీలంగా ఉంటే హీలియోపోరా. ఈ రెండూ ఎనిమిది చేతుల వంశమే. మూడోది మిల్లిపోరా, నిప్పు పగడం. గిన్నెలు లేని నున్నటి ఆవపసుపు రంగు ఒళ్ళు దానిది. చేత్తో పట్టుకుంటే దురదగొండి ఆకు రాసుకున్నట్టే. అందుకే ఏ ముక్కనైనా గ్లౌజులతోనే పట్టండి.

రెండో పని: గిన్నె ఎంత?

పెంపకందార్లు గిన్నె సైజును బట్టి రెండు గుంపులు చేసుకున్నారు. చిన్న పాలిప్‌లవి ఎస్‌పీఎస్, పెద్ద పాలిప్‌లవి ఎల్‌పీఎస్. శాస్త్రజ్ఞులు చేసిన విభజన కాదిది, పనికోసం పెట్టుకున్నది. అయినా బాగా పనికొస్తుంది. చిన్నవాటికి వెలుగు, నీటి కదలిక ఎక్కువ కావాలి, నీళ్ళలో ఒడుదుడుకులు అస్సలు పడవు. పెద్దవి కొంత ఓర్చుకుంటాయి.

చిన్న గిన్నెల్లో కొమ్మలది కనిపిస్తే కొసలు చూడండి. ప్రతి కొమ్మ చివర నిటారుగా ఒకే ఒక్క గిన్నె, కిందికి వచ్చేకొద్దీ చుట్టూ చిన్న గిన్నెలు ఉంటే అక్రోపోరా. ఆ కొస గిన్నె లేకుండా గిన్నెలన్నీ సూది పొడిచిన బొక్కల్లా ఉంటే మాంటిపోరా. మాంటిపోరా కొమ్మలుగానే కాదు, విస్తరాకు పరిచినట్టు పళ్ళేలుగానూ పెరుగుతుంది, రాయికి పూత పూసినట్టూ పాకుతుంది. కొమ్మ మీద పులిపిర్లలాంటి బుడిపెలుంటే పోసిలోపోరా. కొమ్మలు సూదుల్లా సన్నబడి, పాలిప్‌లు వరుస కట్టి ఉంటే సీరియాటోపోరా.

పెద్ద గిన్నెల్లో ఫేవియాకు, ఫేవైటిస్‌కు తేడా చాలామందికి తెలియదు. ఫేవైటిస్‌ది అపార్టుమెంటు పద్ధతి: పక్క గిన్నెతో గోడ ఒకటే. ఫేవియాది పాత ఊరి పద్ధతి: ఎవరి గోడ వాళ్ళదే, నడుమ సన్నటి సందు. ఇండో-పసిఫిక్ ఫేవియాలను శాస్త్రవేత్తలు ఇప్పుడు డిప్సాస్ట్రియా అంటున్నారు. దుకాణాల్లో మాత్రం పాత పేరే నడుస్తోంది.

పొడుగు చేతులతో పూలగుత్తిలా ఊగేవి వస్తే లెక్కపెట్టండి. ఇరవై నాలుగు చేతులుంటే గోనియోపోరా, పన్నెండుంటే అల్వియోపోరా. పంపు బంద్ చేసి, ఫోన్లో ఫొటో తీసి, పెద్దది చేసి లెక్కిస్తే రెండు నిమిషాల పని.

నేను చెప్పిన సూత్రం ఓడిపోయే చోటు కూడా ఒకటుంది. హ్యామర్, ఫ్రాగ్‌స్పాన్ అనే పెద్ద గిన్నెల పగడాల ఎముకలు పక్కపక్కన పెడితే విడదీయడం కష్టం. అక్కడ మాంసమే చూడాలి. చేతి కొస సుత్తిలాగానో, లంగరులాగానో ఉంటే హ్యామర్. కొస మీదా పక్కలా గుండ్రటి బుడిపెలుంటే ఫ్రాగ్‌స్పాన్. పొడుగాటి చేయికి కొసన ఒకటే గుండు ఉంటే టార్చ్. హ్యామర్, ఫ్రాగ్‌స్పాన్‌లలో ఎముక చెప్పే ముఖ్యమైన సంగతి వేరే ఉంది. కొమ్మలుగా చీలిందా, గోడలా సాగిందా అని చూడండి. కొమ్మది కొనండి. ఒక తల చచ్చినా మిగతావి బతుకుతాయి. గోడలాంటి దానికి ఒక మూల చెడితే చెడు చివరిదాకా పాకిపోతుంది.

సన్ కోరల్ అని నారింజ రంగులో ఒకటి దొరుకుతుంది. దాని ఒంట్లో శైవలాలు ఉండవు, వెలుగుతో కడుపు నిండదు. రోజో, రోజు విడిచి రోజో ప్రతి నోటికీ మేత పెట్టగలిగితేనే తీసుకోండి.

గుర్తుపట్టక పోగొట్టుకున్నది

నాలుగేళ్ళ కింద హైదరాబాద్‌లో ఒక దుకాణంలో ఆకుపచ్చగా మెరిసే ముక్క చూపించి, "గోనియోపోరా లాంటిదే, తేలిగ్గా పెరుగుతది" అన్నారు. నేను అడుగు తిప్పి చూడలేదు. తెచ్చి క్యాండీకేన్ పగడానికి జానెడు దూరంలో పెట్టాను. పగలంతా రెండూ బుద్ధిగా ఉండేవి. రెండు వారాలకు క్యాండీకేన్‌కు ఒకవైపు తలలు మాత్రమే మాంసం ఊడి తెల్లబడ్డాయి. నీళ్ళు పరీక్షిస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరికి రాత్రి పదకొండింటికి, లైట్లన్నీ ఆర్పాక, టార్చికి ఎర్ర కాయితం చుట్టి చూశాను. కొత్త ముక్కలో నుంచి సేమియా కంటే సన్నటి పారదర్శకమైన దారాలు, కొసకు తెల్ల చుక్కతో, నీటివాలుకు సాగి క్యాండీకేన్‌ను తడుముతున్నాయి. జానెడు కాదు, అంతకంటే ఎక్కువే సాగాయి.

అది గాలాక్సియా. ఆ రోజు అడుగు చూసి ఉంటే తెలిసేది. ఒక్కో గిన్నె విడిగా పైకి లేచి, పొరలు అంచు దాటి నక్షత్రం మొనల్లా పొడుచుకొస్తాయి. అటువంటి ఎముక కనబడితే చుట్టూ రెండు జానల జాగా వదలండి. హ్యామర్, ఫ్రాగ్‌స్పాన్, టార్చ్ పగడాలకూ రాత్రి దారాలుంటాయి, వాటికి ఒక జానెడు చాలు. కొత్త ముక్క ఏది పెట్టినా మొదటి నెల వారానికొక రాత్రి టార్చి వేసి చూడండి.

నీళ్ళు: మన జిల్లా అసలు సమస్య

"తాగనీకి మంచినీళ్ళు లేక ఊర్లకు ఊర్లే నడుములు వంగిన జిల్లా ఇది. నువ్వు రాళ్ళకు ఫిల్టరు నీళ్ళు వోస్తున్నవా?" అని అమ్మ అడిగిన రోజు నా దగ్గర జవాబు లేదు. పటిక, సున్నం వేసి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి దేశమంతా నల్గొండ టెక్నిక్ అనే పేరు. అంతటి పేరున్న ఊరు మనది.

విచిత్రమేమంటే పగడానికి ఫ్లోరైడ్ పెద్ద శత్రువు కాదు. సముద్రపు నీళ్ళలోనే లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాములు ఉంటుంది. చిక్కంతా బోరు నీళ్ళలోని మిగతా సరుకుతో: నైట్రేట్, సిలికా, అంతుపట్టని కాఠిన్యం, పైపుల్లోంచి వచ్చే రాగి. తొట్టిలోంచి ఆవిరయ్యేది వట్టి నీరే, ఉప్పులన్నీ లోపలే మిగులుతాయి. నా 200 లీటర్ల తొట్టి ఎండాకాలం రోజుకు నాలుగు లీటర్లు తాగుతుంది. అంటే నెలకు 120 లీటర్లు. టీడీఎస్ (లీటరు నీళ్ళలో కరిగి ఉన్న లవణాల మిల్లీగ్రాములు) 1000 ఉన్న బోరు నీళ్ళు అంత పోస్తే, నెల తిరిగేసరికి 120 గ్రాముల ఏవేవో లవణాలు తొట్టిలో చేరినట్టు.

కాబట్టి టీడీఎస్ మీటరు సున్నా చూపించే నీళ్ళే వాడాలి. ఆర్‌ఓ వెనక డీఐ రెసిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) ఉన్న యూనిట్ పెట్టుకుంటే సరి. అంత ఖర్చు వద్దనుకుంటే గల్లీలో ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్ తెచ్చి, టీడీఎస్ చూసి, ఒక్క డీఐ రెసిన్ గొట్టం గుండా మెల్లగా దింపండి. ప్లాంటు నీళ్ళు 50, 80 చూపిస్తాయి, రెసిన్ మిగతాది లాగేస్తుంది. మీటరు 1 దాటిందంటే రెసిన్ మార్చే వేళైంది. భగీరథ నల్లా నీళ్ళయితే క్లోరిన్ ఉంటుంది. ముందు కార్బన్ ఫిల్టరు లేకుండా ఆర్‌ఓలోకి పంపితే మెంబ్రేన్ పాడవుతుంది.

ఉప్పు సంగతి ఒక్క మాటలో: అక్వేరియం ఉప్పే వాడాలి. దొడ్డుప్పులో సోడియం క్లోరైడ్ తప్ప పగడానికి కావలసిన మెగ్నీషియం, కాల్షియం లెక్క ప్రకారం ఉండవు. లవణీయత వెయ్యికి 35 దగ్గర ఉంచండి, సాంద్రతలో చెప్తే 1.026. నీళ్ళు కలిపి ఒక రోజు పంపు తిప్పాకే పోయాలి.

రోజూ రాసుకోవాల్సింది ఒక్కటే

ఆల్కలినిటీ. పగడం ఎముక కట్టుకోవడానికి వాడే కార్బొనేట్ సరుకు ఎంత ఉందో చెప్పే కొలత ఇది, డీకేహెచ్‌లో చూస్తారు. 8 నుంచి 9 మధ్య ఎక్కడో ఒకచోట నిలబెట్టండి. 8.2 అయినా 8.8 అయినా పరవాలేదు. ఇవాళ 7.5, ఎల్లుండి 9.5 అయితే అక్రోపోరా కొసలు కాలినట్టు తెల్లబడతాయి. కాల్షియం 400–450, మెగ్నీషియం 1250–1350 పీపీఎం ఉండాలి. నైట్రేట్ 2 నుంచి 10, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మంచిది. ఈ రెండూ పూర్తిగా సున్నా అయితే పగడం పాలిపోతుంది. మరీ శుభ్రం కూడా వీటికి చేటే.

కిట్టు కొని సోమవారం చూశారనుకోండి, 8.6. ఏమీ కలపకుండా గురువారం చూస్తే 7.9. మూడు రోజుల్లో 0.7, అంటే రోజుకు 0.23 చొప్పున మీ పగడాలు తింటున్నాయి. అంత మాత్రమే రోజూ తిరిగి ఇవ్వాలి. 200 లీటర్ల నీళ్ళలో 1 డీకేహెచ్ పెంచడానికి 6 గ్రాముల వంటసోడా పడుతుంది. పై లెక్కకు రోజుకు దాదాపు గ్రామున్నర అన్నమాట. డీఐ నీళ్ళలో కరిగించి, పంపు ఎదుట నెమ్మదిగా పోయండి. వంటసోడా వేరు, బేకింగ్ పౌడర్ వేరు, పొరపాటు పడకండి. ఎంత తక్కువున్నా ఒక్క రోజులో 1కి మించి పెంచొద్దు.

కాల్షియం ఇంత తొందరగా పడిపోయినట్టు కనిపించదు. 2.8 డీకేహెచ్ ఖర్చయితే కాల్షియం తగ్గేది 20 పీపీఎం మాత్రమే. అందుకే దాన్ని వారానికొకసారి చూస్తే చాలు. 20 పీపీఎం పెంచడానికి 200 లీటర్లకు కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 15 గ్రాముల లోపే సరిపోతుంది. సోడా, కాల్షియం ఒకేచోట వెంటవెంటనే పోస్తే పాలు విరిగినట్టు తెల్లగా విరిగిపోతాయి. గంటల తేడా ఇవ్వండి. పాన్ డబ్బా సున్నం, గోడల సున్నం కలిపి చూద్దామన్న ఆలోచన చాలామందికి వస్తుంది, నాకూ వచ్చింది. దాన్లో ఏం కలిసిందో తెలియదు, పైగా సున్నపు తేట పీహెచ్ 12 దాటుతుంది. వద్దు.

చోటు, వెలుగు, కదలిక

పెద్ద గిన్నెలవి కింద, చిన్న గిన్నెలవి పైన. వెలుగు కొలిచే పార్ మీటరు ఎవరి దగ్గరైనా దొరికితే ఎల్‌పీఎస్‌కు 50–150, ఎస్‌పీఎస్‌కు 200–350 చూసుకోండి. దొరకకపోతే లైటు 30 శాతంతో మొదలుపెట్టి వారానికి కొంచెం పెంచుకుంటూ పొండి. తక్కువ వెలుగుకు పగడం వారాల్లో గోధుమరంగుకు తిరుగుతుంది, సరిచేసుకోవచ్చు. ఎక్కువైతే రోజుల్లోనే కాలిపోతుంది. నీటి కదలికకు గుర్తు ఇది: హ్యామర్ చేతులు గాలికి వరిపైరు ఊగినట్టు అటూ ఇటూ ఊగాలి. ఒకే దిక్కుకు వాలి అతుక్కున్నట్టుంటే వేవ్‌మేకర్ (తొట్టిలో నీళ్ళు కదిపే పంపు) మూతి తిప్పండి. ఎల్‌పీఎస్‌కు వారానికి రెండుసార్లు పంపు పావుగంట ఆపి, మైసిస్ రొయ్య పిసరు నోటి దగ్గర వదలండి.

కొత్త తొట్టిలో ఇవేవీ పెట్టకండి. అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు రావడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ తర్వాత క్యాండీకేన్, డంకన్, కొమ్మల హ్యామర్‌తో మొదలుపెట్టండి. అక్రోపోరాకు ఏడాది ఆగినా నష్టం లేదు.

కొత్త ముక్క ఇంటికొచ్చిన రోజు

సంచిని తొట్టిలో పావుగంట తేలనివ్వండి, వేడి సమానమవుతుంది. తర్వాత ముక్కను పురుగులు చంపే పగడాల డిప్ ద్రావణంలో, సీసా మీద రాసినంత సేపు ముంచి, సిరంజితో నీళ్ళు చిమ్ముతూ కడగండి. అడుగున పడ్డవాటిని తెల్ల గిన్నెలో చూడండి. అక్రోపోరా మీద చదును పురుగులు, మాంటిపోరా మీద దాన్నే తినే చిన్న న్యూడిబ్రాంకులు (చిప్ప లేని సముద్రపు నత్తలు) రాలుతాయి. డిప్పుకు పురుగు చస్తుంది కానీ గుడ్డు చావదు. అందుకే ముక్కతో వచ్చిన ప్లగ్గును (దాన్ని అంటించిన చిన్న దిమ్మను) విరిచి పారేసి, కొత్త ప్లగ్గు మీద జెల్ సూపర్‌గ్లూతో అంటించండి. వీలుంటే వేరే చిన్న తొట్టిలో ఉంచి, వారానికోసారి చొప్పున మూడు నాలుగుసార్లు మళ్ళీ ముంచండి.

చెడు మొదలైతే ముందు తేడా తెలుసుకోవాలి. ఒళ్ళు తెల్లబడినా మీద పల్చటి పొర, చేతులు కనబడితే అది శైవలాలు వెళ్ళిపోవడం. వేడో, వెలుగో తగ్గిస్తే కోలుకోవచ్చు. మాంసమే ఊడి వట్టి ఎముక తేలితే ఆ భాగం పోయినట్టే. బతికిన చోటుకు కాస్త లోపలికి కోసి, ఆ ముక్కనైనా కాపాడండి. హ్యామర్, టార్చ్‌ల మీద గోధుమరంగు జిగురు కనిపిస్తే ఆలస్యం చేయకండి. పంపు ఆపి జిగురును సిరంజితో లాగేసి, ఆ తలను కోసి బయటికి తీసేయాలి.

మే నెల

తొట్టి నీళ్ళు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. 30 దగ్గర రోజుల తరబడి నిలిస్తే తెల్లబడే ప్రమాదం ఉంది. బయట 43, 44 కొట్టే ఊళ్ళో ఇదే అసలు పరీక్ష.

మన ఎండల్లో ఒక మేలుంది, అవి పొడి ఎండలు. నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే ఆవిరి వేడిని పట్టుకుపోతుంది, నా తొట్టిలో రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. అదే ఫ్యాన్ జులైలో, గాలి తడిగా ఉన్నప్పుడు, సగం కూడా పనిచేయదు. ఇదే కారణంతో తొట్టి ఉన్న గదిలో నీళ్ళ కూలర్ పెట్టి తలుపులు మూశారంటే గాలిలో తడి పెరిగి ఫ్యాన్ పని చెడుతుంది. మనుషులకు కూలర్ కావాలంటే కిటికీ తెరిచి పెట్టండి. గది మధ్యాహ్నం 36 దాటేటట్టుంటే ఫ్యాన్ల మీద ఆశ పెట్టుకోవద్దు, చిల్లర్ (తొట్టి నీళ్ళు చల్లబరిచే యంత్రం) తప్పదు. చిల్లర్ లాగిన వేడిని మళ్ళీ గదిలోకే వదులుతుంది, దాన్ని గోడకు ఆనించకుండా గాలాడే చోట పెట్టండి. లైట్లను మధ్యాహ్నం కాకుండా సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పదకొండు దాకా వేసుకోవడం నేను చేసిన మంచి మార్పు. పైసా ఖర్చు లేదు.

గాలివానకు కరెంటు పోయినప్పుడు వరుస గుర్తుంచుకోండి. మొదట నీటి కదలిక, తర్వాత వేడి, చివరికి లైటు. లైటు రెండు రోజులు లేకపోయినా పగడం చావదు. కదలిక ఆగితే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి చేపలు గంటల్లోనే తేలిపోతాయి. ఇన్వర్టర్‌కు వేవ్‌మేకర్ ఒక్కటే తగిలించండి, చిల్లర్‌ను దాని దరిదాపులకు తేవద్దు. ఇన్వర్టర్ లేకపోతే బ్యాటరీ గాలిపంపు ఒకటి తొట్టి కిందే, సెల్స్ వేసి పెట్టుకోండి. నీళ్ళు 29 దాటుతుంటే ముందే గడ్డకట్టించిన నీళ్ళ సీసాను మూత గట్టిగా బిగించి తేలనివ్వండి. గంటకు ఒక డిగ్రీ కంటే వేగంగా దించకండి. మంచుగడ్డలు నేరుగా వేస్తే లవణీయత పడిపోతుంది. కరెంటు వచ్చాక ఆ రోజుకు మేత వద్దు, లైటు సగమే. మర్నాడు పొద్దున ఆల్కలినిటీ చూసి పుస్తకంలో రాసి, తర్వాతే సోడా పోయండి.